నూనె చాలని చోట



1883లో ఇంగ్లండులో బీచమ్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. అక్కడి మెకానికల్ ఇంజనీర్ల సంఘం ఆ పని ఆయనకు అప్పగించింది. ఇరుసు మీద కూర్చునే బేరింగుకు సరిగ్గా పైభాగంలో, నూనె పోయడానికని ఆయన ఒక రంధ్రం చేయించాడు. ఇరుసు తిరగడం మొదలవగానే, లోపలికి దిగాల్సిన నూనె ఆ రంధ్రంలోంచి పైకి ఉబికింది. చెక్క బిరడా కొట్టాడు. నూనె ఆ బిరడాను మెల్లగా బయటికి నెట్టేసింది. చివరికి అక్కడ ఒత్తిడిని కొలిచే గేజి బిగించాడు. బేరింగు మీద సగటు భారం చదరపు అంగుళానికి 100 పౌండ్లు. గేజి 200 పౌండ్ల దాకా చూపిస్తుంది. దాని ముల్లు 200 కూడా దాటిపోయింది.

అంటే బరువును మోస్తున్నది లోహం కాదు, నూనె. తిరిగే ఇరుసు తనకంటుకున్న నూనెను ఇరుకు సందులోకి లాక్కుపోతుంది. అలా ఇరుక్కున్న నూనెలో ఒత్తిడి పుట్టి, ఇరుసునూ బేరింగునూ ఒకదాన్నొకటి తాకకుండా విడదీస్తుంది. ఇది ఎలా జరుగుతుందో 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ గణితంలో నిరూపించాడు. ఇప్పటికీ బేరింగుల రూపకల్పనకు ఆ సమీకరణమే ఆధారం.

నూనె అంత బరువు మోయగలిగితే మరి ఇంజన్లు ఎందుకు అరుగుతున్నాయి? బోరు ఎందుకు చెడిపోతోంది, రింగులు ఎందుకు మార్పించాల్సి వస్తోంది, సైలెన్సర్లోంచి నీలిపొగ ఎందుకు వస్తోంది?

దానికి జవాబు వేగంలో ఉంది. నూనెను సందులోకి లాక్కుపోవాలంటే కదలిక కావాలి. ఇరుసు ఆగి ఉన్నప్పుడు, లేదా మరీ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, ఆ ఒత్తిడి పుట్టదు. జర్మనీలో రిచర్డ్ స్ట్రైబెక్ 1902లో ప్రచురించిన కొలతల్లో ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. వేగం తగ్గేకొద్దీ నూనె పొర పలచబడుతుంది. ఒక హద్దు దాటాక లోహం లోహాన్ని తాకుతుంది, రాపిడి ఒక్కసారిగా పెరుగుతుంది. మీ మోటార్ సైకిల్ పిస్టన్‌ను తీసుకోండి. ప్రతి చుట్టులో అది పైన ఒకసారి, కింద ఒకసారి ఆగి వెనక్కి తిరుగుతుంది. పైన ఆగే క్షణం, పెట్రోలు మండి ఒత్తిడీ వేడీ తారస్థాయిలో ఉండే క్షణం, దాదాపు ఒకటే. నూనె అవసరం అన్నిటికంటే ఎక్కువగా ఉన్న చోటే నూనె పొర అన్నిటికంటే పలచగా ఉంటుంది. పాత బోరు విప్పి చూస్తే పైరింగు ఆగే చోట గట్టులా అరిగి ఉండటం మెకానిక్‌లందరూ ఎరిగినదే. ఉయ్యూరు లాంటి ఊళ్ల చక్కెర మిల్లుల్లో చెరకును పిండే రోలర్లదీ ఇదే కష్టం. మోసే భారం విపరీతం, తిరిగేది మాత్రం చాలా నెమ్మదిగా. ఎంత చిక్కటి నూనె పోసినా ఆ వేగానికి నిండు పొర ఏర్పడదు.

అలాంటి చోట లోహాన్ని కాపాడేది నూనె కాదు. నూనెలో కలిపిన మందు, రాపిడి వేడికీ ఒత్తిడికీ విరిగి, లోహం మీద ఒక పొరగా కట్టుకుంటుంది. లోహానికి బదులు ఆ పొర అరుగుతుంది. అరిగిన చోట మళ్లీ కొత్త పొర కట్టుకుంటుంది. రాపిడి జరిగిన చోటే, రాపిడి వల్లనే పుట్టే రక్షణ ఇది. ఈ రోజు నేను చెప్పబోయే నానో కణాలైనా, అయానిక ద్రవాలైనా, ఈ పొర కట్టే పనిని ఇంకా బాగా చేయించడానికి జరుగుతున్న ప్రయత్నాలే. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఇప్పుడు ఈ పని చేస్తున్న మందు పేరు జింక్ డైఆల్కైల్ డైథయోఫాస్ఫేట్. నూనె పరిశ్రమలో దాన్ని క్లుప్తంగా జెడ్‌డీడీపీ అంటారు. 1940లలో దాన్ని నూనెలో కలపడం మొదలుపెట్టింది అరుగుదల కోసం కాదు. నూనె చెడిపోకుండా, బేరింగులను తుప్పు తినేయకుండా కాపాడుతుందని కలిపారు. అది అరుగుదలను కూడా గట్టిగా ఆపుతోందని తర్వాత తెలిసింది. లోహం మీద అది కట్టే పొర ఒక రకమైన ఫాస్ఫేటు గాజు. మందం సుమారు 100 నానోమీటర్లు. మన తలవెంట్రుక మందం 80 వేల నానోమీటర్ల దాకా ఉంటుంది. వెంట్రుకలో సుమారు ఎనిమిది వందో వంతు మాత్రమే ఉండే ఆ గాజు పొర, ప్రపంచంలోని కోట్లాది ఇంజన్లను ఎనిమిది దశాబ్దాలుగా నిలబెడుతోంది.

ఆ పొర ఎలా పుడుతుందో కళ్లారా చూడటానికి మాత్రం చాలాకాలం పట్టింది. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో నిత్యానంద్ గోస్వామి, రాబర్ట్ కార్పిక్, వారి సహచరులు 2015లో ఆ పని చేశారు. అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపు సూదిమొనను వేడి నూనెలో ముంచి, ఉపరితలం మీద రాపిడి చేయిస్తూ, అక్కడికక్కడే పొర పెరగడాన్ని కొలిచారు. సూది ఒత్తిడి పెంచేకొద్దీ పొర అంతకు ఎన్నో రెట్లు వేగంగా పెరిగింది. ఒత్తిడి తక్కువున్న చోట పెరగలేదు. రక్షణ ఎక్కడ అవసరమో అక్కడే అది ఎక్కువగా పుడుతోంది. ఈ ప్రయోగం గురించి విద్యార్థులకు చెప్పినప్పుడల్లా నాకు కలిగే ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు.

ఇంత మంచి మందును మార్చాలని ఎందుకు చూస్తున్నారు? నూనెలో కొంత ఎప్పుడూ ఇంజన్‌లో మండిపోతుంది. దానితోపాటు జెడ్‌డీడీపీలోని ఫాస్ఫరస్, గంధకం, జింకు పొగగొట్టంలోకి పోతాయి. అక్కడ పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టరు ఉంటుంది. దాంట్లోని ప్లాటినం, పల్లాడియం లాంటి విలువైన లోహాల మీద ఫాస్ఫరస్ పేరుకుంటే అది పనిచేయడం తగ్గుతుంది. డీజిల్ బండ్లలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. మసి పేరుకుంటే కాల్చేయవచ్చు, కానీ జింకు బూడిద కాలదు. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక ఈ జల్లెడలు మన రోడ్ల మీద తిరిగే మామూలు డీజిల్ బండ్లలోకి కూడా వచ్చేశాయి. కన్వర్టరును కాపాడటానికి పెట్రోలు కార్ల నూనెలో ఫాస్ఫరస్ 0.08 శాతానికి మించకూడదని అంతర్జాతీయ ప్రమాణాలు 2004 నుంచే హద్దు పెట్టాయి.

ఇంకోవైపు నుంచి మరో ఒత్తిడి ఉంది. ఇంధనం ఆదా కోసం నూనెలు పలచబడుతున్నాయి. ఒకప్పుడు 20డబ్ల్యూ-50 అనే చిక్కటి నూనె పోసిన తరగతి బండ్లకు ఇప్పుడు పలచటి 5డబ్ల్యూ-30, 0డబ్ల్యూ-20 పోస్తున్నారు. పలచటి నూనెను కలియదిప్పడానికి ఇంజన్‌కు శ్రమ తక్కువ. కానీ పొర పలచనైతే లోహాలు తాకే అవకాశం పెరుగుతుంది. అంటే మందు మోతాదు తగ్గించమని ఒకరు, మందు మీద భారం పెంచుతూ ఇంకొకరు. పరిశోధకులు నిలబడి ఉన్నది ఈ రెంటి మధ్య.

ఇదంతా చిన్న విషయం అనుకోకండి. బ్రిటన్‌లో పీటర్ జాస్ట్ అధ్యక్షతన ఒక సంఘం 1966లో ఇచ్చిన నివేదిక, రాపిడినీ అరుగుదలనూ సరిగా అదుపు చేస్తే ఆ దేశానికి ఏడాదికి 51.5 కోట్ల పౌండ్లు మిగులుతాయని లెక్కగట్టింది. ఫిన్లాండుకు చెందిన కెన్నెత్ హోల్మ్‌బర్గ్, అమెరికాలో పనిచేసే అలీ ఎర్డెమిర్ 2017లో వేసిన లెక్క ప్రకారం, ప్రపంచం వాడే మొత్తం శక్తిలో సుమారు 23 శాతం ఇలా ఒరుసుకునే భాగాల దగ్గరే ఖర్చవుతోంది. అందులో 20 శాతం రాపిడిని గెలవడానికి, 3 శాతం అరిగిన వాటిని మళ్లీ తయారు చేయడానికి. సోలార్ పలకల గురించి, గాలిమరల గురించి ఎంత మాట్లాడుకుంటామో, ఈ 23 శాతం గురించి కూడా అంత మాట్లాడుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఇక నానో కణాల దగ్గరికి వద్దాం. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. నునుపుగా మెరిసే ఇంజన్ భాగం మీద కూడా వందల నానోమీటర్ల ఎత్తున గరుకులుంటాయి. 5 నుంచి 100 నానోమీటర్ల కణం ఆ గరుకుల మధ్య సందుల్లోకి దూరగలదు. ఈ కణాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ టంగ్‌స్టన్ డైసల్ఫైడుది. గ్రాఫైటులాగే అదీ పొరలు పొరలుగా ఉండే పదార్థం. పొరకూ పొరకూ మధ్య పట్టు తక్కువ కాబట్టి అవి ఒకదాని మీద ఒకటి సులువుగా జారతాయి. చిక్కల్లా అంచుల దగ్గరే. పలకలా ఉన్నప్పుడు దాని అంచుల్లో అణువులకు బంధాలు తీరక, గాలిలోని ఆక్సిజన్‌తోనూ తేమతోనూ కలిసి చెడిపోతాయి. 1992లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో రెషెఫ్ టెన్నే బృందం ఈ పొరలను వంచి, అంచులు లేకుండా మూసేసిన గుండ్రటి కణాలు తయారు చేసింది. ఉల్లిపాయలాగా పొర మీద పొర, ఎక్కడా చివర ఉండదు. 1997లో అదే బృందం ఆ కణాలను కందెనగా పరీక్షించి, మామూలు పలకల పొడికంటే రాపిడినీ అరుగుదలనూ బాగా తగ్గిస్తున్నాయని చూపింది.

మొదట్లో అవి బాల్ బేరింగు గుండ్లలా దొర్లుతాయని అనుకున్నారు. కొంత దొర్లే మాట నిజమే. ఫ్రాన్స్‌లోని లియాన్ పరిశోధకులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కిందే ఒక్కొక్క కణాన్ని నొక్కి రుద్ది చూశారు. ఒత్తిడి తక్కువైతే కణం దొర్లుతుంది, జారుతుంది. ఎక్కువైతే పొరలు విడిపోతాయి. విడిపోయిన పొరలు లోహానికి అంటుకుని దాని మీద పరుచుకుంటాయి. ఇక్కడ కూడా చివరికి కాపాడేది పొరే. వేరే కణాలు వేరే దారులు పడతాయి. రాగి కణాలు మెత్తబడి గుంటల్లో నిండుతాయి. 5 నానోమీటర్ల జిర్కోనియం ఆక్సైడు కణాలు ఒత్తిడికి ఒకదానికొకటి అతుక్కుని గట్టి పూతగా మారతాయి. నానో వజ్రాలు గరుకులను మెల్లగా నునుపు చేస్తాయి.

చెప్పినంత సులువైతే ఈపాటికి ప్రతి ఆయిల్ డబ్బాలోనూ ఇవి ఉండేవి. అసలు కష్టం వాటిని నూనెలో తేలుతూ ఉంచడం. చిన్న కణాలు ఒకదాన్నొకటి విపరీతంగా ఆకర్షించుకుంటాయి. పది నానోమీటర్ల కణాలు ముద్ద కట్టి మైక్రాను సైజుకు చేరితే, కాపాడాల్సింది పోయి గీతలు పెడతాయి. మునిగే వేగం కణం వ్యాసం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. ముద్ద పది రెట్లు పెద్దదైతే వంద రెట్లు వేగంగా అడుక్కి దిగుతుంది. నెల రోజులు షెడ్డులో నిలిచిన ట్రాక్టరు ఇంజన్ అడుగున మందంతా పేరుకుంటే ప్రయోజనమేముంది? అందుకని కణాల మీద ఓలిక్ ఆమ్లం లాంటి కొవ్వు ఆమ్లాల పూత వేసి, వాటి తోకలు నూనెలోకి చాచుకునేలా చేస్తారు. మోతాదు కూడా చాలా కీలకం. సాధారణంగా ఒక శాతానికి లోపే మేలు కనబడుతుంది, ఆపైన పోస్తే అరుగుదల మళ్లీ పెరుగుతుంది. ఇలాంటి పొరల పదార్థాల మీద హైదరాబాదు శివార్లలో బాలాపూర్‌లో ఉన్న ఏఆర్‌సీఐ కూడా పనిచేస్తోంది. టంగ్‌స్టన్ డైసల్ఫైడు నానో రేకులను పెద్ద మొత్తంలో తయారుచేసే పద్ధతిని అక్కడ అభివృద్ధి చేశారు.

రెండో దారి అయానిక ద్రవాలది. వంటింటి ఉప్పు సోడియం, క్లోరిన్ అయాన్ల కూర్పు. రెండూ చిన్నవి, చక్కగా వరుసలు తీరి గట్టిగా పట్టుకుంటాయి, అందుకే అది కరగాలంటే 801 డిగ్రీల వేడి కావాలి. అయాన్లను పెద్దవిగా, వంకర టింకరగా తయారుచేస్తే అవి వరుసలు తీరలేవు. అప్పుడా లవణం గది వేడికే ద్రవంగా ఉంటుంది. పాల్ వాల్డెన్ 1914లో వర్ణించిన ఇథైల్ అమ్మోనియం నైట్రేటు 12 డిగ్రీలకే కరుగుతుంది. వంద డిగ్రీల లోపు ద్రవంగా ఉండే లవణాలన్నిటినీ ఇప్పుడు అయానిక ద్రవాలంటున్నారు. అవి దాదాపుగా ఆవిరి కావు, తేలిగ్గా మండవు, వేడికి చాలా వరకు తట్టుకుంటాయి. లోహానికి అంటుకోవడానికి వాటికి విద్యుదావేశం ఉండనే ఉంది. 2001లో చైనాలోని లాంజౌ రసాయన భౌతిక సంస్థ శాస్త్రజ్ఞులు వాటిని కందెనగా వాడి చూపించాక ప్రపంచమంతా ఆ వైపు తిరిగింది.

తొలి ఉత్సాహంలోనే రెండు దెబ్బలు తగిలాయి. ఆ తొలి ద్రవాల్లో ఫ్లోరిన్ ఉండేది. తేమ తగిలితే అందులోంచి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుట్టి, కాపాడాల్సిన ఉక్కునే తినేసింది. రెండోది, అవి నూనెలో కలవవు. ఇంజన్ నిండా ఖరీదైన అయానిక ద్రవమే పోయలేం కదా. నూనెలో కొద్దిగా కలిపే మందుగా పనికిరావాలంటే కలిసి తీరాలి. 2012లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో జున్ చూ, ఆయన సహచరులు, జనరల్ మోటార్స్ శాస్త్రజ్ఞులతో కలిసి ఈ ముడి విప్పారు. ఫాస్ఫోనియం అయానుకు నాలుగు పొడవాటి కార్బన్ తోకలు, ఫాస్ఫేటు అయానుకు రెండు తోకలు పెట్టారు. ఆ తోకల వల్ల ఆ లవణం నూనెలో పూర్తిగా కలిసిపోయింది. ఫ్లోరిన్ లేదు, ఉక్కుకు తుప్పు లేదు, బూడిద మిగిల్చే జింకు లేదు. రాపిడి జరిగిన చోట ఇనుప ఫాస్ఫేటు పొర కట్టింది. 2015లో ఇదే బృందం ఇంకో సంగతి చెప్పింది: దీన్నీ జెడ్‌డీడీపీనీ కలిపి వాడితే, ఏ ఒక్కటీ విడిగా ఇవ్వని ఫలితం వచ్చింది. పాతదాన్ని పూర్తిగా తోసెయ్యకుండా, దాని మోతాదు తగ్గించి కొత్తదాన్ని తోడివ్వడం నాకు తెలివైన దారిగా కనిపిస్తుంది.

నానో కణాలు ముద్ద కట్టకుండా చూడటానికీ అయానిక ద్రవాలు పనికొస్తున్నాయి. కణం చుట్టూ అయాన్లు చేరితే కణాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. డెహ్రాడూన్‌లోని భారత పెట్రోలియం సంస్థలో అయానిక ద్రవాలనూ గ్రాఫీన్‌నూ కందెన మందులుగా చేసే పరిశోధన కొన్నేళ్లుగా సాగుతోంది. కోలిన్ అనే, మన ఒంట్లోనే ఉండే పదార్థానికి కొవ్వు ఆమ్లాలను జతచేసి తయారుచేసే ద్రవాలు కూడా వస్తున్నాయి. ఇవి నాకు ఎక్కువ ఆశ కలిగిస్తాయి. ఎందుకంటే అయానిక ద్రవాలన్నీ పర్యావరణానికి మంచివని మొదట్లో జరిగిన ప్రచారం నిజం కాదు. పొడవాటి తోకలున్న ఇమిడజోలియం ద్రవాలు నీళ్లలోని జీవులకు విషం.

పొడిని నూనెలో కలపడం మన పల్లెలకు కొత్త కాదు. ఎడ్లబండి ఇరుసుకు పెట్టే కందెన అంటే ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపినదే. మసి కలిస్తే ఆముదం చిక్కబడి కారిపోకుండా నిలుస్తుంది. ఆముదంలో ఎనభై ఐదు, తొంభై శాతం రిసినోలిక్ ఆమ్లమే. దాని అణువులో ఉన్న ఒక అదనపు హైడ్రాక్సిల్ సమూహం వల్ల అది చిక్కగా ఉంటుంది, లోహానికి గట్టిగా పట్టుకుంటుంది. మొదటి ప్రపంచ యుద్ధపు విమానాల రోటరీ ఇంజన్లలో పోసింది ఈ ఆముదమే. క్యాస్ట్రాల్ అనే ఇంజన్ నూనె పేరు కూడా ఆముదపు ఇంగ్లీషు పేరు నుంచి వచ్చినదే. ఆముదం పంటలో ప్రపంచంలో మన దేశానిదే మొదటి స్థానం, పాలమూరు, నల్లగొండ మెట్ట రైతులకు అది పాత పంట. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, ఆముదం, కానుగ నూనెల నుంచి యంత్రాల కందెనలు తయారుచేసే పరిశోధన చేసింది. కొత్త మందులన్నీ పెట్రోలియం నూనెల్లోనే పరీక్షించి వదిలేయకుండా, మన నూనెల్లో కూడా అంతే శ్రద్ధగా పరీక్షించాలి. ఇది మన ఇంజనీరింగ్ కాలేజీల ప్రయోగశాలల్లో చేయగలిగిన పనే.

అయితే ఆ పరీక్షల గురించి ఒక మాట. ఈ రంగంలో ఎక్కువ ఫలితాలు నాలుగు గుండ్ల యంత్రం మీద వస్తాయి. 12.7 మిల్లీమీటర్ల ఉక్కు గుండ్లు మూడింటిని కదలకుండా బిగించి, నాలుగోదాన్ని వాటి మీద 40 కిలోల భారంతో నిమిషానికి 1200 చుట్లు తిప్పుతారు. నూనె 75 డిగ్రీల వేడి మీద ఉంటుంది. గంట తర్వాత గుండ్ల మీద పడిన మచ్చ వెడల్పు కొలుస్తారు. మందుల్ని పోల్చి ఏరుకోవడానికి ఇది మంచి పరీక్ష. కానీ ఇంజన్ నూనెలో మసి చేరుతుంది, నీటి తేమ చేరుతుంది, కాలక్రమంలో ఆమ్లాలు పుడతాయి. దాంట్లో ముందే ఉన్న డిటర్జెంట్లు, డిస్పర్సెంట్లు అనే శుభ్రపరిచే మందులు కొత్త మందుతో లోహపు ఉపరితలం కోసం పోటీ పడతాయి. గంటసేపు శుభ్రమైన నూనెలో గెలిచిన మందు, పదివేల కిలోమీటర్ల తర్వాత కూడా గెలుస్తుందని చెప్పలేం.

అందుకే బజారులో నానో అని పేరు పెట్టి అమ్మే చిన్న సీసాలను మీ ఇంజన్‌లో పోయవద్దని నా మనవి. నూనె తయారుచేసేవాళ్లు మందులన్నిటినీ ఒకదానితో ఒకటి సరిపడేలా కొలతేసి కలుపుతారు. పైనుంచి ఇంకొకటి పోస్తే ఆ లెక్క చెదురుతుంది. మోటార్ సైకిల్ వాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఎక్కువ మోటార్ సైకిళ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజన్ నూనెలోనే మునిగి తిరుగుతాయి. ఇంజన్‌లో రాపిడి తగ్గించే మందు, క్లచ్‌లో కూడా రాపిడి తగ్గిస్తుంది. అప్పుడు క్లచ్ జారుతుంది. డబ్బా మీద జాసో ఎంఏ అనో ఎంఏ2 అనో ముద్ర ఉందేమో చూడండి. క్లచ్ జారకుండా పరీక్షించిన నూనె అని దానర్థం.

ఇప్పుడు ఎలక్ట్రిక్ బండ్లు వస్తున్నాయి కదా, ఇక నూనెతో పనేముందని కొందరు అడుగుతారు. ఎలక్ట్రిక్ మోటారు నిమిషానికి వేలాది చుట్లు తిరుగుతుంది. దాని గేర్లకూ బేరింగులకూ కందెన తప్పదు. అక్కడ కొత్త చిక్కు ఒకటుంది. మోటారును నడిపే ఇన్వర్టరు వల్ల ఇరుసు మీద వోల్టేజి పేరుకుని, బేరింగులోని నూనె పొరను చీల్చుకుంటూ నిప్పురవ్వలా దూకుతుంది. దూకిన ప్రతిచోటా ఉక్కు మీద చిన్న గుంట పడుతుంది. మామూలు నూనె విద్యుత్తును దాదాపుగా పోనివ్వదు కాబట్టి ఆవేశం అక్కడ పోగవుతుంది. అయానిక ద్రవానికి విద్యుత్తు పోనిచ్చే గుణం పుట్టుకతోనే ఉంది. కొద్దిగా కలిపితే ఆ ఆవేశాన్ని ఎప్పటికప్పుడు దించేయవచ్చునా అన్నది ఇప్పుడు పరిశోధకులు చూస్తున్నారు. అదే నూనె మోటారు రాగి తీగలను కూడా తడుపుతూ చల్లబరిచే బండ్లున్నాయి. అక్కడ రాగిని తినే గంధకపు మందులు పనికిరావు, విద్యుత్తును మరీ ఎక్కువగా పోనిచ్చే నూనె కూడా పనికిరాదు. గంధకం లేని, ఫాస్ఫేటు పొర కట్టగల, విద్యుత్తును కొలతగా మాత్రమే పోనిచ్చే మందు కావాలి. ప్రయోగశాలల్లో ఇప్పుడు వెతుకుతున్నది దానికోసమే.